ఏఐ టూల్ కొనేముందు మీ అగ్రిమెంట్లన్నీ ఒకచోటికి చేర్చండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. హైదరాబాద్‌లో ఓ మధ్యస్థాయి తయారీ కంపెనీ, లీగల్‌లో మీతో కలిపి నలుగురు. మీ ఎండీ గారు ఎక్కడో ఏఐ డెమో చూసొచ్చి, వచ్చే క్వార్టర్‌లోపు లీగల్ డిపార్ట్‌మెంట్‌లో పెట్టేయాలన్నారు. మీరు అడిగిన రెండు జూనియర్ పోస్టులు దాంతో ఆగిపోయాయి. ఏ టూల్ కొనాలి, ఏ పనితో మొదలుపెట్టాలి, మన ఉద్యోగాలు ఉంటాయా అని అడిగారు, గోప్యత గురించీ ఒక మాట అన్నారు. నేను సిటీ సివిల్ కోర్టులో ఓ సీనియర్ దగ్గర జూనియర్‌గా మొదలుపెట్టి, తర్వాత ఇరవై ఏళ్లకు పైగా కంపెనీల లీగల్ డిపార్ట్‌మెంట్లలోనే పనిచేస్తున్నాను. మూడేళ్లుగా మా టీమ్‌లో ఏఐ రోజూ వాడుతున్నాం. ఎక్కడ పనికొచ్చిందో, ఎక్కడ దెబ్బతిన్నామో తెలిసినంతవరకూ చెబుతాను. కాస్త పెద్ద సమాధానమే అవుతుంది, ఓపిగ్గా చదవండి.

ఏ టూల్ అన్నది చివర్న తేల్చుకోవాల్సిన విషయం. పేర్లకు కొదవలేదు. మన దేశంలోనే పెద్ద లా ఫర్మ్‌లు హార్వీ లాంటి లీగల్ ఏఐ టూల్స్ వాడుతున్నాయి, అగ్రిమెంట్ల నిర్వహణకు ఐసెర్టిస్, స్పాట్‌డ్రాఫ్ట్ లాంటివి ఉన్నాయి, మామూలు ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లోనే ఇప్పుడు ఏఐ వచ్చేస్తోంది. వీటిలో ఏది కొన్నా, మీ దగ్గరున్న కాగితాల్ని బట్టే అది పనిచేస్తుంది. డెమోలో చూపించే అగ్రిమెంటు నీట్‌గా టైప్ చేసి ఉంటుంది, ఇంగ్లిష్‌లో ఉంటుంది, ఒక్క ఫైల్లోనే అంతా ఉంటుంది. మన బీరువాల్లో ఉండేవి అలా ఉంటాయా? స్టాంపు పేపరు మీద కొంత, మామూలు కాగితం మీద కొంత, ప్రతి పేజీ అడుగున పొడి సంతకాలు, మూడో పేజీలో పెన్నుతో కొట్టేసి పక్కన రాసిన రేటు, వంకరగా స్కాన్ చేసిన అనెక్షర్ (అనుబంధం).

మేం కొనేముందు ఒక పని చేశాం. అంతకుముందే మేం క్షుణ్ణంగా చూసి, తప్పొప్పులు తెలిసిన ముప్పై పాత అగ్రిమెంట్లు తీసి, వాటినే టూల్‌కి ఇచ్చాం. సరైన జవాబు మనకు ముందే తెలిస్తేగా టూల్ తప్పు చెప్పినప్పుడు పట్టుకోగలిగేది. ఒక సప్లై అగ్రిమెంటులో, నోటీసు ఇవ్వకపోతే మరో మూడేళ్లు దానంతటదే రెన్యూ అవుతుందన్న మాట ఎక్కడో అనెక్షర్‌లో ఉంది. మాలో ఇద్దరం ఆ అగ్రిమెంటు చదివి కూడా దాన్ని గమనించలేదు. టూల్ నిమిషంలో బయటపెట్టింది. ఆ రోజు మా అందరికీ దానిమీద గౌరవం పుట్టింది.

అదే అగ్రిమెంటు గురించి రెండో ప్రశ్న వేశాం: ఇప్పుడు అమల్లో ఉన్న రేటెంత? టూల్ అగ్రిమెంటులో ఉన్న రేటే చెప్పింది, పేజీ నంబరు కూడా ఇచ్చింది. కానీ ఆ రేటు రెండేళ్ల కిందటే మారిపోయింది. ఇరుపక్షాలు సంతకాలు చేసిన ఒక పేజీ లెటరు పర్చేజ్ డిపార్ట్‌మెంట్ మేనేజర్ మెయిల్‌లో ఉంది, మా ఫోల్డర్‌లో లేదు. టూల్‌ది తప్పు అనలేం, ఇచ్చిందే అది చదివింది. కానీ 'ఇంకేమైనా సవరణలు ఉన్నాయా?' అని అది అడగలేదు. మన జూనియర్ అయితే అడుగుతారు, లేదా మనమే తిట్టి అడిగిస్తాం.

అందుకని మొదటి నాలుగు నెలలు మేం టూల్ పక్కనపెట్టి కాగితాలు పోగుచేశాం. పర్చేజ్, సేల్స్, హెచ్‌ఆర్, ఫ్యాక్టరీ అడ్మిన్, ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి అగ్రిమెంట్లు, సవరణలు, లెటర్లు తెప్పించి, ఒక్కో పార్టీకి ఒక్కో ఫోల్డర్ పెట్టి, తారీఖుల వరసలో సర్దాం. ఫ్యాక్టరీ స్టోర్‌లో ఒక బీరువా నిండా లీజు కాగితాలు దొరికాయి. అవి ఉన్నాయని హెడ్ ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఈ పని ఎవరికీ గొప్పగా అనిపించదు, ఎండీకి చూపించడానికి ఏమీ ఉండదు. కానీ తర్వాత వచ్చిన లాభమంతా దీనివల్లే వచ్చింది. మీరు ఏఐ కొన్నా కొనకపోయినా ఈ పని రేపే మొదలుపెట్టండి.

రెండో సంగతి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇక్కడే చాలా కంపెనీలు బోల్తా పడుతున్నాయి. అగ్రిమెంటును ఏఐకి ఇచ్చి 'మన కంపెనీ తరఫున చూసి మార్పులు చెప్పు' అంటే చాలా చక్కటి ఇంగ్లిష్‌లో మార్పులు చెబుతుంది. కానీ మన కంపెనీ తరఫున అంటే ఏమిటో దానికి తెలియదు. అది చదివి నేర్చుకున్న ఒప్పందాల్లో అమెరికావి, బ్రిటన్‌వి ఎక్కువ. ఆ వాసన దాని డ్రాఫ్టుల్లో కనిపిస్తూనే ఉంటుంది.

మా దగ్గర జరిగిందే చెబుతాను. ఒక చిన్న ప్యాకింగ్ మెటీరియల్ సప్లయర్‌తో అగ్రిమెంటు. మా జూనియర్ ఏఐతో డ్రాఫ్ట్ చేయించి తెచ్చాడు. పేమెంట్ క్లాజులో ఇన్‌వాయిస్ అందిన 90 రోజుల్లో చెల్లింపు అని ఉంది. కొనేవాళ్లం మనం కాబట్టి మనకు లాభంగా రాసినట్టే కనిపిస్తుంది. కానీ ఆ సప్లయర్ ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉన్న సూక్ష్మ సంస్థ. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం సెక్షన్ 15 ప్రకారం, అగ్రిమెంటులో ఏం రాసుకున్నా 45 రోజులకు మించి గడువు పెట్టడానికి లేదు. దాటితే సెక్షన్ 16 కింద రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. పైగా 2024-25 అసెస్‌మెంట్ ఇయర్ నుంచి, గడువులోపు చెల్లించని ఆ మొత్తాన్ని చెల్లించిన ఏడాదిలో తప్ప ఖర్చుగా చూపించుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోవడం లేదు. అంటే కంపెనీకి మేలు చేస్తున్నట్టు కనిపించిన క్లాజు అటు వడ్డీ, ఇటు పన్ను రెండూ నెత్తిన పెట్టేది. ఆ సప్లయర్ ఎవరో, ఎంత చిన్నవాడో ఏఐకి చెప్పలేదు, అదీ అడగలేదు.

ఇలాంటివే ఇంకో రెండు చెబుతాను. ఉద్యోగి మానేశాక రెండేళ్లు పోటీ కంపెనీలో చేరకూడదన్న క్లాజు. కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ముందు అది నిలవదు, అయినా ఏఐ డ్రాఫ్టుల్లో మళ్లీ మళ్లీ వస్తుంది. అలాగే 'ఏ క్లెయిమ్ అయినా ఒక సంవత్సరంలోపు వేయకపోతే హక్కు పోతుంది' అన్న వాక్యం. అదే చట్టం సెక్షన్ 28 ప్రకారం మన దగ్గర అది చెల్లదు. వేరే దేశంలో మామూలే కాబట్టి ఏఐకి అందులో తేడా కనిపించదు.

దీనికి మందు ఒక్కటే. మన పద్ధతి మనం ముందు రాసి పెట్టుకోవాలి. దీన్ని ప్లేబుక్ అంటున్నారు. పేరు కొత్తదే గాని పని పాతదే. మా పాత జనరల్ మేనేజర్ గారు ఒక లాంగ్‌సైజ్ నోట్‌బుక్‌లో రాసుకునేవారు: ఏ క్లాజుకు ఎంతవరకు ఒప్పుకోవాలి, ఎక్కడ ఆగాలి, ఎవర్ని అడగాలి అని. మేం అదే చేశాం. ఒక్కో క్లాజుకు మూడు మాటలు. మనకు కావాల్సింది ఏమిటి, గట్టిగా అడిగితే ఎక్కడిదాకా తగ్గుతాం, అంతకంటే తగ్గాలంటే ఎవరి పర్మిషన్ కావాలి. పేమెంట్ క్లాజు కింద మొదటి వాక్యమే 'సప్లయర్ ఉద్యమ్ సర్టిఫికెట్ చూశావా?' అని ఉంటుంది. ఇరవై రెండు క్లాజులకు ఇలా రాయడానికి ఆరు వారాలు పట్టింది. ఎందుకంటే సగం చోట్ల మా నలుగురికే ఏకాభిప్రాయం లేదు. ఇండెమ్నిటీకి (అవతలివాళ్ల నష్టాన్ని భరిస్తామన్న హామీకి) పరిమితి ఎంత పెట్టాలన్న దాని మీద నాకూ మా సీఎఫ్ఓ గారికీ రెండు మీటింగులు గట్టిగానే జరిగాయి. ఆ గొడవ పడాల్సిందే. అప్పటిదాకా అది ఎవరి తలకాయలో వాళ్లకు ఉన్న అభిప్రాయం, ఆ తర్వాత కంపెనీ నిర్ణయం.

ఆ ప్లేబుక్ ఇచ్చాక టూల్ పని తీరే మారిపోయింది. ఇప్పుడు ఎన్డీఏలు (సమాచారం బయటపెట్టబోమని రాసుకునే గోప్యత ఒప్పందాలు), చిన్న సర్వీస్ అగ్రిమెంట్లు దాంతో చూపించి, అది గుర్తుపెట్టిన చోట్లను మా వాళ్లు చూసి పంపేస్తారు. సేల్స్ వాళ్లు 'లీగల్‌లో ఫైలు ఇరుక్కుంది' అని ఫోన్లు చేయడం బాగా తగ్గింది. మీరు కూడా ఎన్డీఏలతోనే మొదలుపెట్టండి. రోజూ వచ్చేవి, చిన్నవి, ఒకదాన్నొకటి పోలి ఉండేవి, తప్పు జరిగినా కొంప మునగనివి. 2018లో లాగీక్స్ అనే సంస్థ అయిదు ఎన్డీఏలు ఇచ్చి ఇరవైమంది లాయర్లతో తమ ఏఐని పోల్చి చూసింది. ఏఐ 94 శాతం, లాయర్లు సగటున 85 శాతం సరిగ్గా గుర్తించారు. ఏఐకి పట్టింది 26 సెకన్లు, లాయర్లకు సగటున 92 నిమిషాలు. ఆ ఏఐని తయారుచేసిన కంపెనీయే చేసిన పరీక్ష అది, అదీ ఎన్డీఏల మీద మాత్రమే. మీ ఎండీ గారు ఇలాంటి అంకెలు చూపిస్తే ఆ రెండు సంగతులూ మర్యాదగా చెప్పండి. ఎన్డీఏల్లో గెలిచింది కదా అని జాయింట్ వెంచర్ అగ్రిమెంటు చేతిలో పెట్టలేం.

ఇక తీర్పుల విషయం. ఇక్కడ నేను చాలా కఠినంగా ఉంటాను. 2023లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టులో ఏవియాంకా విమాన సంస్థ మీద నడిచిన కేసు మీరు వినే ఉంటారు. చాట్‌జీపీటీ ఇచ్చిన తీర్పుల్ని లాయర్లు అలాగే కోర్టుకు ఇచ్చారు. అందులో ఆరు అసలు లేనే లేవు. 5,000 డాలర్ల జరిమానా పడింది. అది అమెరికా కదా అనుకోకండి. 2025 అక్టోబరులో బాంబే హైకోర్టు ఒక కంపెనీ మీద వేసిన ఆదాయపు పన్ను అసెస్‌మెంట్ ఆర్డరునే కొట్టేసింది. అసెస్సింగ్ ఆఫీసర్ ఆధారంగా చూపించిన తీర్పులు ఎక్కడా లేవు. ఏఐ ఇచ్చిందాన్ని సరిచూసుకోకుండా వాడకూడదని కోర్టు చెప్పింది. ఆ కంపెనీ తరఫువాళ్లు ఆ సైటేషన్లను (ఆధారంగా చూపిన తీర్పుల వివరాలను) సరిచూడబట్టే సంగతి బయటపడింది. అంటే ఇప్పుడు మన పని రెండింతలైంది. మనం రాసేవే కాదు, అవతలివాళ్లు ఇచ్చే నోటీసుల్లో, ఆర్డర్లలో ఉన్న సైటేషన్లు కూడా ఒక్కొక్కటీ తెరిచి చూడాలి.

ఇది ఎందుకు జరుగుతుందో మీ టీమ్‌కి అర్థమయ్యేలా చెప్పండి. ఈ టూల్ తీర్పుల పుస్తకం తెరిచి వెతికి జవాబు చెప్పదు. ఏ మాట తర్వాత ఏ మాట వస్తే సహజంగా ఉంటుందో దాన్ని పేర్చుకుంటూ పోతుంది. సైటేషన్ ఎలా ఉంటుందో దానికి బాగా తెలుసు, కాబట్టి సైటేషన్ లాంటిది తయారుచేస్తుంది. లీగల్ రీసెర్చ్ కోసమే కట్టిన, తీర్పుల డేటాబేస్‌తో కలిపిన టూల్స్ దీనికంటే మెరుగే. అయినా 2024లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు అమెరికాలో పేరున్న అలాంటి టూల్స్‌ని పరీక్షిస్తే, 17 నుంచి 33 శాతం జవాబుల్లో కల్పితాలు దొర్లాయి.

లేని తీర్పు దొరికిపోతుంది, వెతికితే కనబడదు కాబట్టి. నన్ను భయపెట్టేది ఉన్న తీర్పును తప్పుగా చెప్పడం. ఒకసారి ఆర్బిట్రేషన్ (మధ్యవర్తిత్వం) విషయంలో నాకు ఒక సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పేరు నిజం, సంవత్సరం నిజం, పేరా నంబరు కూడా నిజం. నేను తెరిచి చదివాను. ఆ పేరాలో ఉన్నది ఓడిపోయిన పక్షం సీనియర్ కౌన్సెల్ వాదన. కోర్టు దాన్ని నమోదుచేసి, పది పేరాల తర్వాత తోసిపుచ్చింది. పైపైన చూసి ఉంటే మా బోర్డుకు సరిగ్గా తలకిందులైన ఒపీనియన్ ఇచ్చి ఉండేవాణ్ణి. అప్పటినుంచి మా దగ్గర ఒకటే నియమం. ఏ తీర్పయినా ఎస్‌సీసీ ఆన్‌లైన్‌లోనో, మనుపాత్రలోనో, సుప్రీంకోర్టువారి ఈ-ఎస్‌సీఆర్‌లోనో తెరిచి, సంబంధిత పేరాకు ముందు రెండు పేరాలు, వెనక రెండు పేరాలు చదివి, చదివినవాళ్ల ఇనీషియల్ వేయాలి. ఈ-ఎస్‌సీఆర్ ఉచితం, కాబట్టి డబ్బుల్లేవన్న సాకు కూడా లేదు. ఇనీషియల్ లేని సైటేషన్ నా టేబుల్ మీదికి రాదు.

గోప్యత దగ్గర మీరు ప్రశ్నలో ఒక్క మాటే అన్నారు, కానీ కంపెనీ లాయర్లకు ఇది బయటి లాయర్ల కంటే ఎక్కువ ప్రమాదం. 2025 అక్టోబరు 31న సుప్రీంకోర్టు, లాయర్లకు దర్యాప్తు సంస్థలు సమన్లు ఇవ్వడం గురించి తానే తీసుకున్న కేసులో తీర్పు చెబుతూ, ఇన్‌హౌస్ కౌన్సెల్ (మనలాంటి కంపెనీ ఉద్యోగులైన లాయర్లు) గురించి స్పష్టంగా చెప్పింది. మనం జీతం మీద ఉన్నవాళ్లం, కోర్టుల్లో ప్రాక్టీసు చేసే అడ్వకేట్లం కాదు, కాబట్టి సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 132 ఇచ్చే రక్షణ, అంటే క్లయింటుతో మాట్లాడింది బయటపెట్టక్కర్లేదన్న రక్షణ, మనకు లేదు. కంపెనీ తన బయటి లాయరుతో జరిపే సంప్రదింపులకు సెక్షన్ 134 కింద రక్షణ ఉంది. కానీ మనకూ మన మేనేజ్‌మెంట్‌కూ మధ్య నడిచేదానికి అది వర్తించదు.

ఇప్పుడు ఆలోచించండి. ఒక సేల్స్ హెడ్ మీద ఫిర్యాదు వచ్చింది, మీరు లోపల విచారణ చేస్తున్నారు. సాక్షుల వాంగ్మూలాలన్నీ ఒక ఏఐ చాట్‌లో పెట్టి 'మన కంపెనీకి ఎంత రిస్కుంది, ఎక్కడ బలహీనంగా ఉన్నాం?' అని అడిగారు. మన ఈమెయిల్‌కే రక్షణ లేనప్పుడు ఆ చాట్‌కి ఎక్కడిది? రేపు ఎవరైనా అడిగితే మీరు టైప్ చేసిన ప్రతి మాటా బయటికి రావచ్చు. మా దగ్గర విచారణలు, దర్యాప్తులు, పెద్ద వివాదాల వ్యూహం ఏఐలో పెట్టడం పూర్తిగా నిషేధం. వాటికి మొదటిరోజే బయటి లాయర్ని పెట్టుకుని, వారి ద్వారానే నడుపుతాం.

ఉచిత ఖాతాల సంగతి మరీ చూసుకోండి. 2023లో శాంసంగ్ ఇంజనీర్లు రహస్య కోడ్‌ని చాట్‌జీపీటీలో పెట్టడం బయటపడి, ఆ కంపెనీ అలాంటి టూల్స్ వాడకాన్నే ఆపేసింది. మీరు టూల్ కొనకపోతే మీ వాళ్లు వాడటం లేదనుకోకండి. ఫోన్‌లో వాడుతూనే ఉంటారు. నేను మా టీమ్‌ని తప్పుపట్టనని మాటిచ్చి అడిగితే, ముగ్గురు సొంత ఖాతాల్లో వాడుతున్నట్టు చెప్పారు. మంచి ఉద్దేశంతోనే, పని తొందరగా అవుతుందని. కంపెనీ ఖాతా ఒకటి తీసి ఇవ్వడం నిషేధం కంటే మేలని నాకు ఆ రోజు అర్థమైంది.

వెండర్ అగ్రిమెంటు మీద సంతకం చేసేముందు మీరే లాయరుగా దాన్ని చదవండి. విచిత్రంగా చాలా లీగల్ టీమ్‌లు ఈ ఒక్క అగ్రిమెంటునే చదవవు. మన డాక్యుమెంట్లతో వాళ్ల మోడల్‌కి శిక్షణ ఇస్తారా, డేటా ఏ దేశంలో ఉంటుంది, ఎన్నాళ్లు ఉంచుతారు, వాళ్ల వెనక ఇంకెవరి మోడల్ నడుస్తోంది, మనం మానేస్తే మన డేటా చెరిపేసినట్టు రాసిస్తారా, వీటికి రాతపూర్వకంగా జవాబు కావాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి రూల్స్ 2025 నవంబరులో వచ్చాయి, ప్రధాన బాధ్యతలు పద్దెనిమిది నెలల తర్వాత అమల్లోకి వస్తాయి. ఆ చట్టం కింద మన తరఫున డేటా చూసే వెండర్ తప్పు చేసినా బాధ్యత కంపెనీదే. భద్రతా ఏర్పాట్లలో లోపానికి జరిమానా 250 కోట్ల దాకా ఉంది. ఉద్యోగుల ఆధార్ కాపీలున్న ఫైళ్లు టూల్‌లోకి ఎక్కించేముందు ఈ అంకె గుర్తుపెట్టుకోండి.

ఇంకొకటి మీరు అడగలేదు, కానీ తెలుగు రాష్ట్రాల్లో పనిచేసే లీగల్ టీమ్ కాబట్టి చెప్పకుండా ఉండలేను. మీకు ఫ్యాక్టరీ ఉంది, అంటే భూమి ఉంది, అంటే లింక్ డాక్యుమెంట్లు (ఆ భూమి చేతులు మారిన పాత దస్తావేజులు) ఉన్నాయి. పాత సేల్ డీడ్లు, పహాణీలు (రెవెన్యూ భూమి రికార్డులు), చేతిరాత తెలుగులో. వీటిని ఏఐతో అనువాదం చేయించి టైటిల్ రిపోర్టులో (భూమి హక్కు ఎవరిదో చెప్పే నివేదికలో) పెట్టేయడం ఇప్పుడు మొదలైంది. మేం గోడౌన్ కోసం ఒక స్థలం చూశాం. ముప్పై ఏళ్లకు పైబడ్డ దస్తావేజులో విస్తీర్ణం 'ఎ. 2-15 గుం' అని ఉంది. రెండెకరాల పదిహేను గుంటలు అని మనలో చూసిన ఎవరికైనా తెలుస్తుంది. ఏఐ ఇంగ్లిష్‌లో 2.15 ఎకరాలు అని రాసింది. నలభై గుంటలు ఒక ఎకరం కాబట్టి, రెండెకరాల పదిహేను గుంటలంటే 95 గుంటలు. 2.15 ఎకరాలంటే 86 గుంటలు. తేడా తొమ్మిది గుంటలు. గుంటకు 121 గజాల చొప్పున 1,089 గజాలు! ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వెయ్యి గజాలంటే ఎంతో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆంధ్ర వైపు లెక్క సెంట్లలో ఉంటుంది, వంద సెంట్లు ఎకరం కాబట్టి అక్కడ 2-15 అంటే సరిగ్గా 2.15. ఏఐ ఆ లెక్క ఇక్కడికి తెచ్చి పెట్టింది. ఒకే భాష, రెండు కొలతలు. ఆ దస్తావేజు ఏ జిల్లాదో చూసి చదవాలన్న జ్ఞానం మనిషికి ఉండాలి.

సర్వే నంబర్ల సబ్‌డివిజన్లు ఇంకా ప్రమాదం. 217/అ వేరు, 217/ఆ వేరు. ఇద్దరు వేర్వేరు పట్టాదారులు. మసకబారిన స్కాన్‌లో ఆ చిన్న వంపు టూల్‌కి కనబడదు, ఒక్కోసారి మనకే భూతద్దం కావాలి. మా దగ్గర తెలుగు దస్తావేజుల అనువాదం ఏఐ చేసినా, అసలు కాగితం పక్కన పెట్టుకుని ఒక మనిషి హద్దులు, విస్తీర్ణం, సర్వే నంబరు, పేర్లు వేలు పెట్టి ఒక్కొక్కటే సరిపోల్చాకే సంతకం చేస్తారు. మా టీమ్‌లో ఒకమ్మాయి వాళ్ల నాన్నగారు పట్వారీ దగ్గర పనిచేశారు. ఆ అమ్మాయి పట్టే తప్పులు నేను కూడా పట్టలేను. ఆ రెండు జూనియర్ పోస్టులు మళ్లీ అడిగేటప్పుడు తెలుగు చేతిరాత చదవగలగడం అర్హతగా రాయండి.

ఉద్యోగాల గురించి మీ టెన్షన్ నాకు అర్థమైంది. ఏమీ కాదని చెప్పి పంపించను. రొటీన్ అగ్రిమెంట్లు చూడటానికే పెట్టుకున్న పోస్టులు తగ్గుతాయి. హైదరాబాద్‌లో విదేశీ కంపెనీల కాంట్రాక్టు రివ్యూ చేసే సెంటర్లలో పనిచేసే పిల్లలకు ఆ ఒత్తిడి ముందుగా తెలుస్తుంది. అయితే జేపీ మోర్గాన్ బ్యాంకు 2017లోనే, ఏడాదికి 3,60,000 గంటలు పట్టే లోన్ అగ్రిమెంట్ల పరిశీలనను ఒక ప్రోగ్రామ్‌తో చేయిస్తున్నట్టు చెప్పింది. ఇన్నేళ్లయినా ఆ బ్యాంకు లీగల్ డిపార్ట్‌మెంట్ మూతపడలేదు. మా దగ్గర కూడా మిగిలిన టైము వేరే పనికి పోయింది. ఇంతకుముందు మేం చూడకుండానే సంతకాలైపోయే పర్చేజ్ ఆర్డర్ల షరతులు ఇప్పుడు చూస్తున్నాం. బయటి లాయర్లకు పంపే చిన్న పనులు తగ్గి, ఆ బిల్లు తగ్గింది. ఎండీకి లెక్క చూపించాలంటే ఈ బిల్లు చూపించండి. 'ఇన్ని గంటలు ఆదా అయ్యాయి' అన్నదాని కంటే ఆయనకు అది తేలిగ్గా అర్థమవుతుంది.

నాకు నిజంగా దిగులుగా ఉండేది జూనియర్ల చదువు గురించి. నేను అగ్రిమెంటు చదవడం నేర్చుకున్నది వందల బోరు అగ్రిమెంట్లు చదివే. ఆ బోరు పని టూల్ చేసేస్తే, రేపు టూల్ తప్పును పట్టుకునే కన్ను వీళ్లకు ఎక్కడినుంచి వస్తుంది? మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. చేరిన మొదటి ఆరు నెలలు జూనియర్ ముందు తను చదివి, ఒక పేజీ నోట్ చేత్తో రాయాలి. ఆ తర్వాతే టూల్ తెరిచి రెండూ పోల్చాలి. ఎక్కడ తనకు కనబడలేదో, ఎక్కడ టూల్‌కి కనబడలేదో వారానికోసారి కూర్చుని మాట్లాడుకుంటాం. టైము పడుతుంది. మేనేజ్‌మెంట్ అడిగితే ఆ టైము నాది, నేనే ఇస్తున్నానని చెబుతాను. ఇందులో నేను ఒక్క మెట్టు కూడా దిగను.

మీ ఎండీ గారి గడువు సంగతి. క్వార్టర్‌లో పూర్తవ్వాలంటే పూర్తయ్యేదాన్నే ఒప్పుకోండి. మూడు నెలల్లో ఎన్డీఏలు, చిన్న సర్వీస్ అగ్రిమెంట్లు టూల్‌తో చూపిస్తామని, ఈలోగా మిగతా కాగితాలన్నీ ఒకచోట చేరుస్తామని, ఏమేం టూల్‌లో పెట్టకూడదో ఒక పేజీ రాసి అన్ని డిపార్ట్‌మెంట్లకూ పంపుతామని చెప్పండి. రెండు పోస్టుల్లో ఒకటైనా ఇప్పుడే అడగండి. కాగితాలు పోగుచేయడానికి మనిషి కావాలన్నది ఆయన కాదనలేని కారణం. వెండర్ డెమోకి వచ్చినప్పుడు వాళ్ల శాంపిల్ చూడనని చెప్పి, మీ దగ్గరున్న అన్నిటికంటే చెడ్డ స్కాన్ కాపీ ఒకటి, దానికి తర్వాత వచ్చిన సవరణ లెటరు ఒకటి చేతికిచ్చి, ఎండీ గారి ముందే రేటెంతో అడగమనండి. తర్వాత లెటరు తీసేసి అదే ప్రశ్న మళ్లీ అడగమనండి. ఆ రెండు జవాబులు పక్కపక్కన చూశాక, ఆయనకు మీరు విడిగా చెప్పాల్సింది పెద్దగా మిగలదు.